తప్పు పేరు

అంకులి, బరంపురం
మంగళవారం

అప్పకి దమయంతి దండాలు.

నువ్వూ బావా పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. వానలు వెనకబట్టాయి కదా, బావ మోకాలి నొప్పి కాస్త నెమ్మదించి ఉంటుంది. నీ చెవికి డాక్టరు ఇచ్చిన మిషను పెట్టుకుంటున్నావా, బీరువాలో దాచేశావా? పెట్టుకో అప్పా. నేను బాగానే ఉన్నాను. ఒంట్లో బాగుంది, తిండికి లోటు లేదు. ఈ సంగతి ముందే ఎందుకు రాస్తున్నానంటే, కిందది చదివి నువ్వు కంగారు పడకూడదని.

ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటని బావ నవ్వుతాడు. ఫోన్లో నీకు వినపడాలంటే నేను అరవాలి. నువ్వు "ఏటీ, ఏటీ" అంటావు, నేను ఇంకా గట్టిగా అరుస్తాను. ఇక్కడ గోడ అవతలి వాళ్ళూ అక్కడ మీ వీధివాళ్ళూ కూడా వింటారు. ఇది అరిచి చెప్పే మాట కాదు. మనిద్దరినీ పట్టుబట్టి తెలుగు బడికి పంపినందుకు నాన్నని ఈ పొద్దు తలుచుకున్నాను. ఒక్కదానివే కూర్చుని చదువుకో. పిల్లల చేత చదివించకు.

ముందు కబురు చెబుతాను. నేను పనిచేసే ఇంటి పెద్దావిడ సుభద్ర అపా పోయారు. ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు. పోయినవారం ఫోన్ చేసినప్పుడు "మీ మేడమ్ ఎలాగున్నాది" అని నువ్వు అడిగితే "బాగున్నారు" అనేశాను. చెప్పడానికి నోరు రాలేదు. క్షమించు.

ఒడియాలో అపా అంటే అక్క. చదువు చెప్పిన ఆడవాళ్ళని కూడా అలాగే పిలుస్తారు. ఆవిడ మన తెలుగువాళ్ళే, తాతల నాటినుంచీ బరంపురంలో బట్టల వ్యాపారం చేసిన ఇంటి మనిషి. పెళ్ళి చేసుకోకుండా కాలేజీలో జంతువుల శాస్త్రం చెబుతూ వయసంతా గడిపారు. నేను చేరిన రోజు ఆవిడ్ని "అపా" అని పిలవమంటే, నిన్ను పిలుస్తున్నట్టే అనిపించింది. వంట చేస్తున్నాననీ, ఇల్లు తుడుస్తున్నాననీ, ఆవిడకి తోడుగా పడుకుంటున్నాననీ నీకు చెప్పాను. ఆ ఇంట్లో ఏముండేదో మాత్రం చెప్పలేదు. చెబితే ఆ రోజే వచ్చి నన్ను తీసుకుపోయేదానివి.

ఆ ఇంటి ముందుగది గోడల నిండా అద్దం మూతలున్న చెక్కపెట్టెలు. ప్రతి పెట్టెలోనూ సూదులకి గుచ్చిన పురుగులు, వరసకో రకం. ఒక్కొక్క పురుగు కింద గోరంత కాగితం మీద దాని పేరు, దొరికిన ఊరు, దొరికిన రోజు. మూలల్లో కలరా ఉండలు. ఆ వాసన మన పొలం మందు వాసన కాదని నాకు తెలుసు. అయినా మందు వాసనే కదా. మొదటి వారమంతా ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, తల ఎత్తకుండా ఆ గది తుడిచాను. అయ్యాక పెరట్లోకి పోయి కూర్చునేదాన్ని. అంకులిలో మనలాగ అరుగుల మీద ఎవరూ కూర్చోరు, ఎవరి గేటు వాళ్ళు వేసుకుంటారు. ఎండలు మండిపోతున్న రోజులు. మధ్యాహ్నం ఇద్దరం పఖాళ తినేవాళ్ళం. మన చద్దన్నమే, వడియాలు నలిపి నంజుకుంటారు. తిన్నాక ఆవిడ నడుం వాల్చేవారు. నాకు మాట్లాడటానికి గోడలు తప్ప ఎవరూ లేరు.

ఆవిడకి చూపు పోతూ ఉండేది. కంటి నరం ఎండిపోతోందట. ముందు పక్కలు పోయాయి, తర్వాత మధ్యలో కూడా మసక కమ్మింది. వయసులో ఉన్నప్పుడు దిగపహండి అవతల కొండల్లో తిరిగి, పచ్చగా మెరిసే జీరంగులు పట్టి పోస్టులో వేరే దేశాలకి పంపేవారట. వాళ్ళు తమ దేశం పురుగుల్ని పంపేవారట. ఆ పెట్టెలన్నీ అలా నిండినవే. తర్వాత ఆ పంపకాలు ఆగిపోయి ఫోన్లోకి బొమ్మలు రావడం మొదలైంది. ఎక్కడెక్కడివాళ్ళో తమ పెరట్లో, అడవిలో కనిపించిన పురుగుని ఫోటో తీసి పంపి, దీని పేరేమిటని అడిగేవారు. ఆవిడ చెప్పేవారు. ఇప్పుడు బొమ్మలు వస్తున్నాయి గానీ చూసే కళ్ళు లేవు.

ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి ఫోన్ చేతిలో పెట్టి, ఇందులో ఏముందో చెప్పమన్నారు. పువ్వు మీద ఈగంత పురుగు, పసుపూ నలుపూ చారలు. తేనెటీగండీ అన్నాను.

"తేనెటీగని నీకెవలు సెప్పినారు? ముందు రెక్కలు లెక్కెట్టు."

రెండే ఉన్నాయి. తేనెటీగకి నాలుగుంటాయట. మీసాలు చూడమన్నారు. ఉన్నాయో లేవో అన్నట్టు చిన్న ముక్కలు.

"అయితే అది ఈగే. కుడతాదని అందరూ బయపడాలని తేనెటీగ ఏసం కట్టింది. పాపం, దానికి ముల్లు లేదు."

ఆ బొమ్మ చిలీ అనే దేశం నుంచి వచ్చింది. గోడ మీద మ్యాపులో వెతికి చూశాను, నేల అంచున పొడుగాటి మిరపకాయలా వేలాడుతుంది. అంత దూరాన ఉన్న ఒక ఈగ ముల్లు లేక వేషం కట్టుకుందని ఇక్కడ అంకులిలో నాకు తెలిసింది. నవ్వొచ్చింది అప్పా. ఏడాది పైన నేను నవ్వలేదని అప్పుడు తెలిసింది.

ఆ రోజునుంచీ నేనే ఆవిడ కళ్ళు. మీసాలు దువ్వెన పళ్ళలా ఉన్నాయా, చివర గుండులా ఉబ్బాయా, వాలినప్పుడు రెక్కలు ఇంటికప్పులా వాల్చిందా, పుస్తకంలా మూసిందా, కాళ్ళు ఎన్ని, వెనక కాలు లావా సన్నమా, ఇలా అడిగేవారు. నేను చూసి చెబితే ఆవిడ కళ్ళు మూసుకుని ఆలోచించి పేరు చెప్పేవారు. ఆ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కటే చెబుతుంటే నేను ఫోన్లో కొట్టేదాన్ని. మనం చిన్నప్పుడు తొలకరికి ఏరుకునే ఆరుద్ర పురుగు అసలు పురుగే కాదట. కాళ్ళు ఎనిమిదట, సాలీడు చుట్టమట. నువ్వు నమ్మవు, వచ్చే తొలకరికి లెక్కపెట్టు.

తర్వాత పెట్టెలు దించి చూపించారు. నమీబు అనే ఎడారిలో ఒక నల్ల పెంకుపురుగు ఉంది. అక్కడ వాన పడదు, పొద్దున్న మంచు మాత్రం వస్తుంది. అది ఇసకదిబ్బ ఎక్కి తల కిందికి పెట్టి వెనకభాగం పైకెత్తి నిలబడుతుందట. మంచు వీపు మీద చుక్కై, జారి నోట్లోకి వస్తుంది. అదే దానికి నీళ్ళు. మడగాస్కర్లో ఇంకోటి, మెడ కొంగ మెడంత. మగదానికే అంత మెడ, ఆడదాని కోసం కొట్టుకోడానికట. ఆడది మాత్రం ఆకుని చాపలా చుట్టి, అందులో ఒక్కటంటే ఒక్క గుడ్డు పెడుతుంది. బ్రెజిల్ నీలం సీతాకోకచిలుకని ఎదురుగా చూస్తే నెమలి మెడ. పెట్టె కాస్త వంచితే ఆ నీలమంతా పోయి మట్టిరంగు. రెక్కలో రంగే లేదట, వెలుగు చేసే మాయట. నేను పెట్టె ఇటూ అటూ వంచుతూ ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలీదు. అద్దాలు తుడవడం, కలరా ఉండలు మార్చడం, ఊడిపోయిన కాలుని గమ్ముతో అంటించడం అన్నీ నేర్చుకున్నాను. కొంగు అడ్డం పెట్టుకోవడం ఎప్పుడు మానేశానో గుర్తు లేదు.

ఇంక అసలు మాటకి వస్తున్నాను.

శ్రావణమాసంలో ఒక రోజు బాగా వాన. కింది అరలో కాగితాలు చినిగిపోయిన చిన్న పెట్టె ఒకటి దొరికింది. అందులో ఉన్నవేమిటో చూసి చెబితే మళ్ళీ పేర్లు రాయిస్తానన్నారు. భూతద్దం పెట్టి చూశాను. మొదటిది గోరంత కూడా లేని రెక్కల పురుగు. ముత్యంలా తెల్లటి రెక్కలు, వాటి మీద లేత గులాబీ, గోధుమ కలిసిన మచ్చలు, అంచున సన్నటి కుచ్చు. పెళ్ళికూతురి పట్టుచీరలా ఉందండీ అన్నాను. ఇంత అందమైనది ఏ దేశంది అని అడిగాను.

అపా ఇంకో రెండు ప్రశ్నలు వేసి అన్నారు.

"ఏ దేశందీ కాదు, మనదే. వంగతోటలో కాయ తొలిచీ పురుగు పెద్దయితే ఇదే అవుతాది."

భూతద్దం నా చేతిలోంచి జారిపోయింది. పగల్లేదు. నేను నేల మీద కూర్చుండిపోయాను. ఎందుకు ఏడుస్తున్నానో ఆవిడకి తెలీదు, వాన చప్పుడులో ముందు నా ఏడుపే వినపడలేదు. తర్వాత తడుముకుంటూ వచ్చి నా పక్కన కింద కూర్చున్నారు. అంత పెద్దావిడ నేల మీద కూర్చోవడం అదే మొదటిసారి. ఆవిడకి చెప్పింది ఇప్పుడు నీకు చెబుతున్నాను.

ఆ రోజు మందు కలిపింది నేను. నీ మరిది కాదు.

అంతకుముందు వారమే మా ఆయన వంగతోటంతా ఒకసారి కొట్టారు. పురుగు చావలేదు. బుట్టెడు కాయలు సంతకి పట్టుకెళ్తే కొనేవాడు ఒక్కొక్కటీ తిప్పి చూసి, కన్నాలున్నాయని మొత్తం పక్కకి తోసేశాడు. నాకు ఆ కసి. ఆయన బిందెతో నీళ్ళు తెస్తుంటే నేను మందు పోశాను. కొట్టువాడు ఒక మూత అని చెప్పాడు, నేను రెట్టింపు పోసి, పైన ఇంకొంచెం వంచాను. ఆయన వచ్చి అడిగారు.

"ఎంత ఏసినావు?"

"సెప్పినంతే," అన్నాను.

ఆ ట్యాంకు వీపుకి కట్టుకుని ఎదురుగాలిలో కొట్టారు. చొక్కా తడిసిపోయింది. ఇంటికొచ్చేసరికి నోట్లోంచి సొంగ, ఒళ్ళంతా చెమట. పెద్దాసుపత్రికి తీసుకొచ్చాక డాక్టరమ్మ సీసా చూసి, ఎంత కలిపారని నన్నే అడిగింది. తెలీదండీ, ఆయనే కలుపుకున్నారండీ అన్నాను. అత్త పక్కనే ఉంది. నువ్వూ అప్పుడే బస్సు దిగి వచ్చావు. ఆ మాట ఒకసారి నోట్లోంచి వచ్చాక మరి వెనక్కి తీసుకోలేకపోయాను. మూడోరోజు పొద్దున్న ఆయన పోయారు.

తర్వాత ఊళ్ళో ఏమన్నారో నీకు తెలుసు. సిన్నప్పట్నుంచి సేద్యం చేసినవాడికి మోతాదు తెలీదా అన్నారు. తాగుంటాడన్నారు. "మందు కొట్టి మందు కొట్నాడట" అని నవ్వుకున్నారు. ఆయన ఆ రోజు చుక్క ముట్టలేదు అప్పా. పండగపూట కూడా కొంచెమే తాగే మనిషి. అత్త నా దగ్గరికి వచ్చి, "నా కొడుకు తాగినాడా, ఒక్క మాట సెప్పు, నానెవలికీ సెప్పను," అని అడిగింది. తాగలేదన్నాను. మరి ఎలా జరిగింది అని అడిగితే తెలీదన్నాను. ముసిల్ది నా మొహంలోకి చాలాసేపు చూసింది. నువ్వేమో నన్ను పట్టుకుని "నీ తప్పేటి లేదు, నీ తప్పేటి లేదు" అని ప్రతిసారీ అనేదానివి. ఆ మాట వినలేకే సంవత్సరీకం అవగానే బరంపురం వచ్చేశాను. పని కోసం కాదు. మీ ఇంటికి పండక్కి రమ్మన్నా రాకపోవడం నీ మీద కోపంతో కాదు.

ఇదంతా అపా చివరిదాకా విన్నారు. డాక్టరమ్మకి నిజం చెప్పుంటే ఆయన బతికేవారా అని అడిగాను. తెలీదన్నారు. తాను డాక్టరు కాదనీ, ఊరికే ఓదార్చడానికి అబద్ధం చెప్పలేననీ అన్నారు. తర్వాత సీసా మీద ఏం రాసుందని అడిగారు. చీమ తలకాయంత అక్షరాలు, మన భాష కాదు, చదవలేకపోయానన్నాను.

"నాకొచ్చు ఆ అచ్చరాలు," అన్నారు ఆవిడ. "ఆ పురుగు పుట్టుక, సావు, దేనికి సస్తాదో, దేనికి సావదో అన్నీ నాకు తెల్సు. ముప్పై ఏళ్ళు కాలేజీలో పిల్లలకి సెప్పినాను. మీ ఊరికి ఒక్కసారొచ్చి సెప్పలేదు. జీరంగులు పట్టడానికి మాత్రం కొండలన్నీ తిరిగినాను. నీ లెక్కలో నాదీ కొంచెం రాసుకో."

ఆ మాటకి నేను ఇంకా ఏడ్చాను. కానీ అప్పా, ఆ రోజు అన్నం తిన్నాను. ఏడాది తర్వాత ఆకలేసి తిన్నాను.

అపా మాత్రం అక్కడితో వదల్లేదు. మర్నాడు ఆ చిన్న పెట్టెకి కాగితాలు రాయిస్తూ మధ్యలో ఆగి, నా చెయ్యి పట్టుకున్నారు.

"పురుక్కి తప్పు పేరెడితేనే నాకు నిద్ర పట్టదు. దిద్దిందాకా అన్నం సయించదు. నువ్వు మనిషికి ఎట్టీసినావు. తాగుబోతని పేరు మోస్తన్నాడు, ఏమీ సెయ్యని మనిషి. దిద్దు."

ఎవరికి చెప్పను అంటే, ముందు మీ అప్పకి, తర్వాత మీ అత్తకి అన్నారు. సరేనన్నాను. తర్వాత రెండు మూడు రోజులకోసారి అడిగేవారు. పండగ వెళ్ళాక అన్నాను, వానలు వెళ్ళాక అన్నాను. ఆవిడ కోప్పడేవారు కాదు. ఒడియాలో సరే అన్నట్టు "హఉ," అని ఊరుకునేవారు.

భాద్రపదంలో ఆవిడకి జ్వరం పట్టుకుంది. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంచి ఇంటికి పంపారు. గుండె బలం తగ్గిందన్నారు. నోటికి ఏమీ సయించక పెసరకట్టు తాగేవారు. ఆ నీరసంలో కూడా రోజూ ఒక్క బొమ్మ చూడమనేవారు. చివరిరోజు వచ్చింది ఎక్కడో చలిదేశం తుమ్మెద, ఒంటినిండా గొంగళి కప్పుకున్నట్టు బొచ్చు. ఆవిడ ప్రశ్నలు వేయలేదు. నువ్వే సెప్పు అన్నారు. బొచ్చు రంగూ చారలూ చూసి, పుస్తకంలో బొమ్మతో పోల్చి నేనే పేరు చదివాను. తల ఊపారు. మర్నాడు పొద్దున్న నేను కట్టు కాచి తెచ్చేసరికి కుర్చీలో తల పక్కకి వాలి ఉంది. పిలిచాను. అపా, అపా అని నేను అరిచిన అరుపుకి ఎప్పుడూ తెరవని పక్కగేటు వాళ్ళు తెరుచుకుని వచ్చారు.

విశాఖపట్నం నుంచి ఆవిడ తమ్ముడి కొడుకు వచ్చి అన్నీ చేశాడు. మంచివాడే, కానీ మేనత్త ఇంట్లో ఈ పెట్టెలెందుకో ఎప్పుడూ అడిగిన మనిషి కాదు. మూడోరోజు ఫోన్లో బొమ్మ వస్తే ఏం చెయ్యాలని నన్ను అడిగాడు. ఆవిడ లేరని రాసెయ్యండి బాబూ అన్నాను. రాశాడు. ఆ సాయంత్రం నుంచి మొదలైంది అప్పా. ఏ దేశంవాళ్ళు ఆ దేశం నుంచి, తమ ఊళ్ళో ఆ పూట కనిపించిన ఒక్కో పురుగుని ఫోటో తీసి పంపారు. పేరు అడగలేదు. తెలిసినవాళ్ళు వాళ్ళే పేరు రాశారు. జపాను నుంచి కొమ్ముపురుగు, ఆస్ట్రేలియా నుంచి బంగారం పూసినట్టున్న పెంకుపురుగు, చిలీ నుంచి ఒక ఈగ. ఆ అబ్బాయి ఒక్కొక్కటీ నాకు చూపించి ఇదేమిటి, ఇదేమిటి అని అడిగాడు. నాకు తెలిసినవి చెప్పాను. కొంతసేపటికి ఫోన్ నా చేతికిచ్చి, ఆ కుర్చీ పక్కన నిలబడి మొహం తుడుచుకున్నాడు.

పెట్టెల్ని కాలేజీవాళ్ళు వచ్చి తీసుకెళ్ళారు. ఆవిడ జబ్బుపడ్డప్పటినుంచీ నేను చూడకపోవడం వల్ల రెండు పెట్టెలకి చిన్నపురుగు పట్టి, మడగాస్కరుది పొడైపోయింది, సూది మాత్రం మిగిలింది. మిగతావి భద్రంగా కట్టి ఇచ్చాను. ఇల్లు అద్దెకిచ్చేస్తారు. ఇక్కడే దగ్గర్లో ఆడపిల్లల హాస్టల్లో వంటకి కుదిరాను, ఉండటానికి గది ఇస్తారు. వచ్చే నెల మొదటినుంచి. నా గురించి బెంగ పెట్టుకోకు.

ఈ ఆదివారం పొద్దున్న పాత్రపూర్ బస్సెక్కుతాను. అక్కణ్ణుంచి ఆటోలో మా ఊరు వెళ్ళి అత్తకి చెబుతాను. వీధిలోవాళ్ళు కూడా వినేలా బయట కూర్చుని చెబుతాను. ఆవిడ కొట్టినా, చీపురు తిరగేసినా నిలబడతాను. ఒకవేళ ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి తలుపేసుకుంటే అప్పుడేం చెయ్యాలో ఇంకా ఆలోచించలేదు.

సంవత్సరీకం నాడు నీ దగ్గర దాచమన్న నీ మరిది ఫోటో పాత్రపూర్ బస్టాండు దగ్గరికి పట్టుకురా. చూడలేకే అప్పుడు నీకిచ్చాను. నువ్వు రాలేకపోతే బావ చేత పంపు. ఇది చదివాక నా మొహం చూడబుద్ధి కాకపోతే అది నీ తప్పు కాదు. ఫోటో టీకొట్టు దగ్గర ఇచ్చి వెళ్ళిపో, నేను అడిగి తీసుకుంటాను. నీ మీద నాకు ఏమీ ఉండదు. నువ్వు నన్ను "నీ తప్పేటి లేదు" అని మాత్రం ఇంక అనకు.

బావకి నా నమస్కారాలు. పిల్లలకి ముద్దులు. మీ అత్తగారికి, మామగారికి దండాలు చెప్పు. చెవి మిషను పెట్టుకో. నీ కాళ్ళకి మొక్కి, నీ నోటివెంట ఏ మాట వచ్చినా దీవెనగానే తీసుకుంటానని రాస్తూ,

నీ చెల్లెలు
దమయంతి

మరిచాను. బస్సు తొమ్మిదిన్నరకి వస్తుంది. నువ్వు ఉన్నా లేకపోయినా నేను దిగుతాను.